పదిహేనేళ్లు దాటిన పిల్లలకు ఎవరున్నారు?

మన పల్లెల్లో బిడ్డ కడుపున పడ్డ నాటి నుంచే ఆశా కార్యకర్త గడప తొక్కుతుంది. పుట్టాక ఆరేళ్లు నిండేదాకా అంగన్వాడీ ఉంది. ఆ తర్వాత పదో తరగతి దాకా బడి ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది, హాజరు పట్టీలో పేరు ఉంది. అరవై దాటితే పింఛను ఉంది. ఈ రెంటికీ నడుమ ఉన్నవాళ్ల సంగతే నన్ను ఎన్నో ఏళ్లుగా పట్టి కుదుపుతోంది. 2014 నాటి జాతీయ యువజన విధానం పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వాళ్లను యువత అంది. ఆ వయసు పిల్లవాణ్ని పేరు పెట్టి పిలిచి, "ఎట్లా ఉన్నావురా, ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడగడమే తన ఉద్యోగంగా ఉన్న మనిషి మా మండలంలో లేడు.

మాది మండవల్లి. గుడివాడ నుంచి భీమవరం పోయే రైలు దారిలో, కైకలూరుకు ముందు స్టేషను. ఒక పక్క మాగాణి, ఇంకో పక్క చేపల చెరువులు, ఉత్తరాన కొల్లేరు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఈ ప్రాంతంలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులు నడిపాను, రిటైరయ్యాక సాయంత్రాలు కుర్రాళ్ల మధ్యే గడుపుతున్నాను. నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. రేపు ఈ పని చేపట్టేవాళ్లకు పనికొస్తే అదే చాలు.

1. మనిషి ముందు, పథకం తర్వాత

నా ఎరుకలో ఎన్ని పేర్లు వచ్చాయో! 1969 సెప్టెంబరు 24న ముప్ఫై ఏడు విశ్వవిద్యాలయాల్లో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. 1979లో పల్లె యువత స్వయం ఉపాధి కోసం ట్రైసెమ్. ఆ తర్వాత జిల్లాకో స్టెప్ అనే యువజన ఉపాధి సంస్థ, ఏలూరు వైపు దాన్నే సెట్వెల్ అన్నారు. 2014లో కేంద్రం నుంచి దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన, రాష్ట్రం నుంచి నైపుణ్యాభివృద్ధి సంస్థ. 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం కింద నిరుద్యోగ భృతి మొదలై, మరుసటి ఏడాదే ఆగింది. 2023 అక్టోబరు 31న మేరా యువ భారత్.

వీటిలో దేన్నీ నేను తీసిపారెయ్యను. ప్రతిదానివల్లా ఎవరో ఒకరు బాగుపడ్డారు. అయితే పథకం మారినప్పుడల్లా ఆఫీసు మారింది, రిజిస్టరు మారింది, కుర్చీలో మనిషి మారాడు. పిల్లవాడు తన కష్టాన్ని మళ్లీ మొదటి నుంచి ఒక కొత్త మనిషికి చెప్పుకోవాల్సి వచ్చింది. రెండుసార్లు చెప్పుకున్నవాడు మూడోసారి చెప్పుకోడు.

నా దగ్గర చదివి ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లను అడుగుతుంటాను, ఆ రోజుల్లో నీకేది అక్కరకొచ్చిందని. పథకం పేరు చెప్పినవాళ్లు అరుదు. "పోస్టుమాన్ బాబాయి అప్లికేషన్ ఆఖరి తేదీ చెప్పాడు మాస్టారూ," "మా పెద్దమ్మ కొడుకు హైదరాబాదులో పది రోజులు గదిలో ఉండనిచ్చాడు," "మీరు మా నాన్నతో మాట్లాడారు." ప్రతి జవాబులోనూ ఒక మనిషే ఉన్నాడు. రేపటి యువజన సేవలకు పునాది వెయ్యాల్సింది ఇక్కడే. పథకాలు వస్తూ పోతూ ఉన్నా ఆ మనిషి ఊళ్లో నిలిచి ఉండాలి.

2. ఒక చోటు ఉండాలి, అది సాయంత్రం తెరిచి ఉండాలి

1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. ఊరూరా గ్రంథాలయం పెట్టి, రాత్రి బడులు నడిపి, కుర్రాళ్లకు పత్రికలు చదివి వినిపించారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని రేవుకు పోవాలన్నది ఆ తరం పట్టుదల. యువజన సేవ అన్న మాట ఇంకా పుట్టకముందే మన జిల్లాల్లో జరిగిన యువజన సేవ అది. ఇంగిలిపాకలంక, నందిగామలంక, పెనుమాకలంక లాంటి ఊళ్లున్న మండలానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇవాళ ప్రభుత్వ ఆఫీసులన్నీ కాలేజీ పిల్లలు బస్సు దిగే వేళకు తాళం వేసుకుంటాయి. చెరువు పనికిపోయిన కుర్రాడు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఆ తర్వాత వాడికి మిగిలేవి రెండే. ఫోను, లేదా వంతెన గోడ. మనం తెరవాల్సిన వేళ అదే, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా.

చోటంటే పెద్ద భవనం అక్కర్లేదు. వెలుతురు, ఫ్యాను, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, పేపరు, క్యారమ్ బోర్డు, ఇంటర్నెట్, ఒక ప్రింటరు ఉంటే చాలు. వీటితో పాటు ఇద్దరు కూచుని మూడోవాడికి వినపడకుండా మాట్లాడుకోగల ఒక మూల ఉండాలి. అన్నింటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఆ మూలే.

ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో నూటికి నలభై రెండుమంది గడిచిన నెలలో తాగి మత్తెక్కినవాళ్లేనని తేలింది. 2016కు అది ఐదుకు దిగింది. సాయంత్రాలకు ఆటలు, సంగీతం, క్లబ్బులు ఏర్పాటు చేశారు, తల్లిదండ్రులను కూడగట్టారు, పిల్లల సభ్యత్వ రుసుముకు ప్రభుత్వం సాయం చేసింది. సాయంత్రాన్ని ఖాళీగా వదలకపోతే ఎంత మారుతుందో ఆ దేశం లెక్కలతో చూపించింది.

3. రానివాళ్ల దగ్గరికి మనమే వెళ్లాలి

అవగాహన సదస్సు పెడితే వచ్చేవాళ్లు ఎవరు? ఎలాగూ దారి దొరికే పిల్లలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూచుంటారు, చప్పట్లు కొడతారు. ఎవరికోసం ఆ సదస్సు పెట్టామో వాళ్లు ఆ పూట చేపల లారీకి లోడింగు చేస్తుంటారు. లేదా చెరువు గట్టు మీద కాపలా షెడ్డులో నిద్రపోతుంటారు, ఎందుకంటే రాత్రంతా ఏరేటర్లు చూశారు. బయటి జిల్లాల నుంచి వచ్చి చెరువు గట్ల మీదే కాపురాలుండే కుటుంబాల పిల్లలైతే మన లెక్కల్లోకే రారు. వాళ్ల రేషను కార్డు ఒక చోట, బడి ఇంకో చోట, బతుకు మరో చోట.

కాబట్టి పనిచేసేవాడు కుర్చీ వదిలి బండెక్కాలి. చేపల పట్టుబడి జరిగే తెల్లవారుజామున చెరువు దగ్గర కనిపించాలి, ఐసు ఫ్యాక్టరీ దగ్గర టీ తాగాలి, స్టేషను ప్లాట్‌ఫారం మీద నాలుగు మాటలు మాట్లాడాలి. ఇల్లు విడిచిపోయే పిల్లలు మా వైపు నుంచి ఎక్కేది బెజవాడ బండే. బెజవాడ స్టేషనులో దిగిన అలాంటి పిల్లల కోసం 1989 నుంచి నవజీవన్ బాలభవన్ పనిచేస్తోంది. అక్కడ దిగాక పట్టుకునేవాళ్లున్నారు, సంతోషం. ఇక్కడ ఎక్కకముందే పలకరించేవాళ్లు కూడా ఉండాలని నా కోరిక.

4. ముందు వినాలి, చెప్పడం తర్వాత

పెద్దవాళ్లకు సలహా నాలిక చివరే ఉంటుంది. కుర్రాడు నోరు తెరిచీ తెరవగానే "మా కాలంలో" అని అందుకుంటాం. వాడు ఆ నోరు మళ్లీ తెరవడు. మొదటి మూడు నాలుగుసార్లు వాడితో ఆట గురించో సినిమా గురించో బండి మైలేజీ గురించో మాట్లాడాలి. అసలు సంగతి చీకటి పడ్డాక, లేచిపోయే ముందు, గుమ్మం దగ్గర బయటికొస్తుంది. అప్పుడు మళ్లీ కూచునే ఓపిక మనకుండాలి.

విన్నది దాచాలి. ఒక పిల్లవాడి గుట్టు టీకొట్టు చేరితే ఆ ఊళ్లో మనల్ని ఇంకెవరూ నమ్మరు. అయితే దాచకూడనివి కూడా ఉన్నాయి. ప్రాణానికి ముప్పున్నప్పుడు ఇంట్లోవాళ్లకు, డాక్టరుకు చెప్పితీరాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపాల్సిందేనని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది, తెలిసీ చెప్పకపోవడమూ నేరమే. ఈ హద్దులేమిటో పిల్లలకు ముందే చెప్పాలి. ముందే తెలిస్తే తర్వాత మోసపోయామని అనుకోరు.

5. తప్పినవాడికి తలుపు తెరిచే ఉంచాలి

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు నాకు ఇప్పటికీ కంటి మీద కునుకు పట్టదు. తెలుగునాట ఏటా ఆ నాలుగు రోజుల్లో ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోతుందో పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ రోజు చెయ్యాల్సింది పెద్ద పని కాదు. ఫలితాలు రాకముందే ఏయే పిల్లలు భయపడుతున్నారో తెలుసుకుని, ఆ సాయంత్రం వాళ్ల ఇళ్లకు వెళ్లి కూచోవాలి. తల్లిదండ్రులతో, "ఇవాళ ఒక్క మాటా అనొద్దమ్మా, రేపు నేనొచ్చి మాట్లాడతాను" అనాలి. మే నెలలో సప్లిమెంటరీ ఉందని, ఏడాది పోదని కాగితం మీద రాసి చూపించాలి.

14416 నంబరును ప్రతి పిల్లవాడి ఫోనులో ఎక్కించాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ పలుకుతుంది, మన భాషలోనే మాట్లాడొచ్చు. ఒకవేళ ఎవరైనా ప్రాణం తీసుకోబోయి బయటపడితే, కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లని ఇళ్లున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి. ఈ ఒక్క ముక్క ప్రతి ఇంటికీ తెలియాలి.

చదువు మధ్యలో ఆపేసినవాళ్లకు 1991 నుంచి ఓపెన్ స్కూలు ఉంది. పని చేసుకుంటూనే పది, ఇంటర్ పూర్తి చెయ్యొచ్చు. ఇరవై ఏడేళ్ల వయసులో పది రాయడానికి సిగ్గుపడే మనిషిని పరీక్ష హాలు దాకా వెంటబెట్టుకుపోయే తోడు కావాలి. మార్కుల సంగతి ఆ తర్వాత.

6. ఆడపిల్లలకు విడిగా వేళ కావాలి, దారి కావాలి

"అందరికీ తెరిచే ఉంది" అని బోర్డు పెట్టిన చోట్లన్నీ మగపిల్లలతో నిండిపోతాయి. ఆడపిల్ల గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. ఆమె కోసం వారంలో విడి రోజులు, ఒక మహిళా కార్యకర్త, ఇంటికి చేరే ఏర్పాటు లేకుండా యువజన కేంద్రం పెడితే అది సగం యువతకే పెట్టినట్టు.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదో తరగతి అయ్యాక కాలేజీ దూరమై, బస్సు వేళ కుదరక ఇంట్లో ఉండిపోయిన పిల్లకు ఆ ఏడాదే సంబంధం చూస్తారు. ఆ తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు, భయస్థులు. "చీకటి పడ్డాక మా పిల్ల గట్టు దారిన ఎలా వస్తుంది మాస్టారూ?" అని ఒక తల్లి అడిగితే చట్టం గురించి ఉపన్యాసం ఆమెకు జవాబు కాదు. ఐదున్నరకు బస్సు, నలుగురు పిల్లల జట్టు, దారిలో దీపాలు, ఇవీ ఆమెకు కావాల్సిన జవాబులు. అవన్నీ చేశాక కూడా బాల్యవివాహం జరుగుతుంటే 2006 చట్టం ఉంది, పిల్లల సహాయ నంబరు 1098 ఉంది. అక్కడ మొగమాటం పనికిరాదు.

7. శిక్షణ ఊరి నీటికి, ఊరి పనికి సరిపోవాలి

మూడు నెలల కోర్సు, ఒక సర్టిఫికెట్, ఎక్కడో దూర నగరంలో కొలువు. నెల తిరక్కుండా పిల్లవాడు సంచి పట్టుకుని తిరిగొస్తాడు. గది అద్దె, తిండి పోగా మిగిలేది లేదు, నలతగా ఉంటే చూసేవాళ్లు లేరు. శిక్షణకు పెట్టిన శ్రద్ధలో సగం కొలువులో చేరాక మొదటి ఆరు నెలల మీద పెట్టాలి. పోయిన ఊళ్లో మనవాళ్లెవరు, జీతం చీటీలో పీఎఫ్ ఉందా లేదా, సెలవెలా అడగాలి లాంటివి ఫోనులోనైనా చూసుకునే మనిషుండాలి. గల్ఫుకు పోయేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూశాకే పాస్‌పోర్టు చేతికివ్వాలి.

ఊళ్లో ఉండిపోదామనుకునే వాళ్ల సంగతీ అంతే ముఖ్యం. చేపలు, రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. శీలావతి, బొచ్చె లారీల్లో బెంగాలుకు, అస్సాముకు పోతాయి. మరి ఆ చెరువు నీళ్లలో ఆమ్లజని ఎంతుందో, అమ్మోనియా ఎంతుందో పరీక్షించే పని మన కుర్రాళ్లకు ఎందుకు రాకూడదు? ఏరేటరు మోటార్లు బాగుచెయ్యడం, ఐసు ప్లాంటు నడపడం, చేపల రోగం గుర్తుపట్టడం, లెక్కలు రాయడం, ఇవన్నీ ఇక్కడే ఉన్న కొలువులు. మత్స్య డిప్లమోకు అవనిగడ్డ వైపు భావదేవరపల్లిలో పాలిటెక్నిక్ ఉందని మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

కొల్లేటి కథలో మరో పాఠం ఉంది. 1970లలో సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం దక్కింది. 2006లో అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరు లోపలి చెరువు గట్లను యంత్రాలతో తెంచేశారు. సరస్సు బతకాలి, అందులో సందేహం లేదు. ఐతే ఆ ఏడాది గట్టు తెగిన ప్రతి చెరువు వెనకా కాలేజీ మానేసిన పిల్లలున్నారు. ఏ నిర్ణయమైనా ఒక ప్రాంతపు బతుకుతెరువును మార్చేటప్పుడు, అక్కడి యువతకు ఏం దారి చూపుతున్నారో అదే కాగితంలో రాసి ఉండాలి. ఆటపాకలో గూడబాతులను చూడ్డానికి జనం వస్తున్నారు. పక్షుల గురించి చెప్పగల, పడవ నడపగల, నీటిని కాపాడగల కొలువులు ఆ ఒడ్డున పుట్టిన పిల్లలకే ముందు దక్కాలి.

8. మత్తులో పడ్డవాణ్ని సిగ్గుపెడితే ఇంకా లోతుకు పోతాడు

గంజాయి, ఆన్‌లైన్ పందేలు, లోను యాపులు. నా ఉద్యోగం తొలినాళ్లలో వీటి పేరు వినలేదు. ఇప్పుడు ఏ లంక గ్రామంలోనూ ఇవి తెలియని కుర్రాడు లేడు. వీటిలో చిక్కినవాణ్ని నలుగురిలో నిలదీస్తే ఆ నలుగురికీ దూరమై, అమ్మేవాడి దగ్గరికే చేరతాడు.

సాయం ఎక్కడుందో మనకు తెలిసుండాలి. మత్తుమందుల సమాచారానికి మన రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972. వ్యసనం మానాలనుకునేవాళ్లకు జాతీయ నంబరు 14446. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930. కొద్ది పరిమాణంతో పట్టుబడి, తనంత తానుగా చికిత్సకు వెళ్లే వ్యసనపరుడికి శిక్ష నుంచి రక్షణ పొందే వీలు 64ఎ సెక్షను కింద మత్తుపదార్థాల చట్టంలోనే ఉంది. తల్లిదండ్రులకు ఇది చెబితే, దాచిపెట్టే బదులు ఆసుపత్రికి తీసుకొస్తారు. లోను యాపు బెదిరింపుల్లో ఉన్న పిల్లవాడికి మొదట చెప్పాల్సిన మాట ఒకటే: "డబ్బు సంగతి తర్వాత చూద్దాం, నువ్వు మాకు కావాలి."

9. పిల్లలు చెయ్యి చాపడానికే లేరు, చెయ్యి అందిస్తారు కూడా

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు శవాలను తీసినవాళ్లలో, గంజి కేంద్రాలు నడిపినవాళ్లలో విద్యార్థులూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ఆ నీళ్లన్నీ కొల్లేటికి చేరి మా లంక గ్రామాల దారులు మునిగినప్పుడు పడవలు పట్టుకుని పాలు, మందులు చేర్చింది మా కుర్రాళ్లే. వాళ్లలో కొందరిని ఊరు అంతకు ముందు దాకా "పనికిమాలినవాళ్లు" అనేది.

వరద తీశాక వాళ్లను మర్చిపోవడం అన్యాయం. ఈత, ప్రథమ చికిత్స, పడవలో మనిషిని ఎక్కించే పద్ధతి నేర్పించాలి. లైఫ్ జాకెట్లు, తాళ్లు వాళ్ల చేతికే అప్పజెప్పాలి. చేసిన పనికి రాతపూర్వకంగా గుర్తింపు ఇవ్వాలి, అది కొలువుకు వెళ్లినప్పుడు పనికొస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లకు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చెయ్యడానికి చట్టం అర్హత ఇచ్చింది. మరి గ్రామసభలో వాళ్లు లేచి మాట్లాడితే "నీకేం తెలుసురా, కూచో" అనే అలవాటు మనం మానుకోవాలి. వాళ్ల కోసం ఇచ్చే డబ్బు ఎలా ఖర్చు చెయ్యాలో వాళ్లనే అడగాలి. యువజన కేంద్రంలో టైము, ఆటలు, నియమాలు వాళ్లే నిర్ణయించిన చోట సామాను పోదు, గోడలు పాడవవు.

10. ఒక్క కులం సంఘం ఊరి సంఘం కాదు

ఇది చెప్పడం కష్టం, చెప్పకపోవడం అంతకంటే తప్పు. మన ఊళ్లలో యువజన సంఘాలకు కొదవ లేదు. ఫ్లెక్సీ చూడగానే ఏ వీధి సంఘమో తెలిసిపోతుంది. పండక్కి పోటీపడి పందిళ్లు వేస్తారు, జాతరలో మాటా మాటా పెరుగుతుంది, కేసులు పడతాయి. ఒక్క కేసుతో పోలీసు ఉద్యోగం కల, విదేశాల కల రెండూ పోయిన పిల్లలు ఉన్నారు.

యువజన కేంద్రం ఏ ఒక్క పేటకూ సొంతం కాని చోట ఉండాలి. కబడ్డీ జట్టు కట్టేటప్పుడు పేటల వారీగా కాకుండా చీట్లు వేసి కట్టాలి. దళితవాడ పిల్లవాడు, వడ్డి కులస్తుల పిల్లవాడు, రైతు బిడ్డ ఒకే బెంచీ మీద పరీక్షకు చదువుకోవాలి, ఒకే గ్లాసుతో నీళ్లు తాగాలి. ఎన్‌ఎస్‌ఎస్ ఏడు రోజుల క్యాంపుల్లో దీన్ని నేను కళ్లారా చూశాను. మొదటి రోజు విడివిడిగా కూచున్నవాళ్లు కలిసి వంట చేసి కలిసి రోడ్డు వేశాక, ఆఖరి రోజు ఒకే బంతిలో కూచున్నారు. ఏడు రోజుల్లో జరిగింది ఏడాది పొడుగునా ఎందుకు జరగకూడదు?

11. ఈ పని వృత్తి కావాలి

ఇంతకాలం ఈ సేవను మంచి మనసున్న మాస్టార్లు, పాస్టర్లు, గ్రంథాలయ ఉద్యోగులు, డ్వాక్రా అక్కలు తీరిక వేళల్లో చేశారు. తీరిక మీద నడిచే సేవ ఆ మనిషికి బదిలీ అయితే ఆగిపోతుంది. జాతీయ యువ కోర్‌లో వలంటీర్లకు నెలకు ఐదు వేల గౌరవ వేతనమిచ్చి రెండేళ్లకు పంపేసేవారు. ఊరు నమ్మడం మొదలయ్యే వేళకు గడువు అయిపోయేది.

శ్రీపెరంబుదూరులో రాజీవ్‌గాంధీ జాతీయ యువజనాభివృద్ధి సంస్థ 1993 నుంచి ఉంది. యువతతో పనిచెయ్యడంలో అక్కడ పీజీ కోర్సులు చెబుతారు. చదువుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు మండలంలో పోస్టు లేదు. ఫిన్లాండులో ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లకు ఉద్యోగం, వైద్యం, ఇంటి సమస్య, చదువు అన్నీ ఒకే గడప లోపల చూసే కేంద్రాలు గత పదేళ్లలో చాలా ఊళ్లలో వెలిశాయి, ముందుగా అపాయింట్‌మెంటు అక్కర్లేదు. ఇంగ్లండులో మాత్రం 2010 తర్వాత స్థానిక ప్రభుత్వాలు యువజన సేవల ఖర్చును మూడింట రెండొంతులకు పైగా కోసేశాయి, వందలాది క్లబ్బులు మూతపడ్డాయి. తరాల తరబడి కట్టుకున్నది పదేళ్లలో పోయింది. మనం ఇంకా కట్టనేలేదు కాబట్టి, కట్టేటప్పుడే చట్టబద్ధంగా, ఏటా బడ్జెట్‌లో విడి పద్దుతో కట్టుకోవాలి.

నేను అడిగేది పెద్దది కాదు. 1975 అక్టోబరు 2న అంగన్వాడీ వ్యవస్థ మొదలైనప్పుడు ఊరికో కార్యకర్త అంటే సాధ్యమా అన్నవాళ్లున్నారు. ఇవాళ అది లేని ఊరిని ఊహించలేం. మండలానికి ఇద్దరు యువజన కార్యకర్తలు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. శిక్షణ పొందినవాళ్లు, నెలజీతం ఉన్నవాళ్లు, కనీసం ఐదేళ్లు కదలనివాళ్లు. మండవల్లిలో రైల్వే స్టేషనుకు, బస్సుకు నడిచి చేరగల ఒక కేంద్రం. లంక ఊళ్లకు వారానికి రెండు సాయంత్రాలు. సచివాలయంలో సంక్షేమ సహాయకుడు, పీహెచ్‌సీలో డాక్టరు, కాలేజీ ప్రిన్సిపాలు, మహిళా పోలీసు నెలకోసారి అక్కడ కూచుని ఏ పిల్లవాడు ఎక్కడ జారిపోతున్నాడో మాట్లాడుకునే పద్ధతి. దాన్ని సమీక్షించే కమిటీలో సగం మంది ఇరవై ఐదేళ్ల లోపు వాళ్లే.

ప్రభుత్వం పోస్టు ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూచోనక్కర్లేదు. పంచాయతీ ఒక గది ఇవ్వగలదు. ఆక్వా రైతుల సంఘం కరెంటు బిల్లు కట్టగలదు. రిటైరైన మాస్టార్లు, నర్సమ్మలు వారానికో సాయంత్రం ఇవ్వగలరు. అమెరికాలో, హైదరాబాదులో స్థిరపడ్డ మా ఊరి పిల్లలు గుడికి ఇచ్చినట్టే దీనికీ ఇవ్వగలరు, నెలకోసారి వీడియోలో కూచుని ఇంటర్వ్యూ ఎలా ఎదుర్కోవాలో చెప్పగలరు. రాబోయే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టమని మా సర్పంచిగారిని అడగబోతున్నాను. ఈ పాఠాలు చదివిన ప్రతి ఒక్కరూ తమ ఊళ్లో అదే అడగండి. అడగడానికి వెళ్లేటప్పుడు వెంట నలుగురు పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్లకేం కావాలో వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి.